బోర్లించిన బూట్లు

ఆదివారం ఉదయం ఆరు కావస్తోంది. రాజకుమారి కాన్వాసు బూట్లు తొడుక్కుని, లేసులు బిగించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. బయటికి పోవడానికి లేదు. లోపల ఉండడానికి కాళ్లు ఒప్పుకోవడం లేదు. డిసెంబరు మంచు గోదావరి మీంచి లేచి వచ్చి కంపెనీ క్వార్టర్లన్నిటినీ మూసేసింది. ఎదురు బ్లాకు కనిపించదు. వాకిళ్లలో రాజేసిన బొగ్గుల పొయ్యిల పొగ మాత్రం దారి తప్పకుండా మేడ మీదికి వచ్చి ముక్కులో దూరుతోంది.

"తొడుక్కున్నవ్ గని, యాడికి?" అన్నాడు తండ్రి బిక్షం మంచం మీంచే.

"యాడికి పోత నాయినా? ఊకెనే తొడుక్కున్న."

"ఊకెనే తొడుక్కున్నోళ్లు గట్ల ఎగురుతరా?"

ఎగరడం లేదు గానీ, మడమలు ఎత్తుతూ దించుతూ ఉందన్న మాట నిజమే. రాజకుమారి కోపంగా బూట్లు విప్పి మూలకు విసిరేసింది. రెండు నిమిషాలకు మళ్లీ తెచ్చి తొడుక్కుంది.

ఆమెకు ముప్పై ఏళ్లు. మొదటి షిఫ్టులో ల్యాంప్ రూమ్‌లో పని, బాయి పైన. గనిని ఇక్కడ ఎవరూ గని అనరు, బాయి అనే అంటారు. లోపలికి దిగేవాళ్లకు కిటికీలోంచి టోపీ లైట్లు అందించడం, ఎక్కి వచ్చాక తిరిగి తీసుకుని నంబరు ప్రకారం కొక్కేనికి తగిలించడం, నాలుగేళ్లుగా ఇంతే. బిక్షం మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం కూతురికి వచ్చింది. నీడపట్టున కూర్చునే పని, అదృష్టవంతురాలివి అంటారు చుట్టాలు. చుట్టాలకేం, ఎన్నైనా అంటారు. పోయిన వానాకాలంలో ఒకరోజు షిఫ్టు అయిపోయినా ఒక కొక్కెం ఖాళీగానే ఉండిపోయింది. నూట పన్నెండో నంబరు. రెండు గంటలపాటు ఆ లైటు రాలేదు, దాన్ని పెట్టుకుని దిగిన మనిషీ రాలేదు. రెస్క్యూ టీమ్ వాళ్లు వీపులకు ఆక్సిజన్ సిలిండర్లు తగిలించుకుని ఆమె కిటికీ ముందు నుంచే దబదబా దిగిపోయారు. ఆ మనిషి కాలు విరిగినా బతికే వచ్చాడు. ఖాళీ కొక్కేన్ని చూస్తూ రెండు గంటలు కూర్చున్న రాజకుమారి మాత్రం ఆ తర్వాత ఆ కుర్చీలో ఏనాడూ స్థిమితంగా కూర్చోలేదు.

అందుకే, ఈ నెల మొదట్లో నోటీసు బోర్డు మీద కాగితం పడగానే ఆమె గుండె ఒక్క గంతు వేసింది. రెస్క్యూ టీమ్‌లోకి ఆడవాళ్లను కూడా తీసుకుంటారట. ముప్పై ఒకటి నిండి ఉండకూడదట. జనవరిలో దేహ పరీక్ష, అదే రోజు గుండె, ఊపిరితిత్తుల పరీక్ష. ఫిబ్రవరి వస్తే రాజకుమారికి ముప్పై ఒకటి నిండుతాయి. అంటే ఈసారి పోతే మళ్లీ లేదు.

ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఫెయిలైతే కాలనీ మొత్తం నల్లాల దగ్గర ముచ్చట పెట్టుకుంటుందని భయం. రోజూ తెల్లవారుజామున, డ్యూటీకి పోయే ముందు, ముఖానికి స్కార్ఫు చుట్టుకుని గ్రౌండు చుట్టూ పరుగెత్తింది. రెండు వారాలకు దగ్గు పట్టుకుంది. నిన్న శనివారం దవాఖానకు పోతే డాక్టరమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"పిల్లికూతలు వస్తున్నయమ్మా. చలిగాలి, పొగ, దుమ్ము మూడూ కలిసి నీ ఊపిరి గొట్టాలను బిగిస్తున్నయి. పరీక్ష నాడు ఇదే చప్పుడుంటే అన్‌ఫిట్ రాస్తరు. బయట ఉరుకుడు బంద్."

"మరి దమ్ము ఎట్ల పెరుగుతది మేడం?"

"గుండెకు నువ్వు యాడ ఉరుకుతున్నవో తెల్వదు. ఇంట్ల కూడా దానికి పని పెట్టొచ్చు. తాడు దుంకు, ఉన్నకాన్నే ఉరుకు. చెమట పట్టాలె, ఆయాసం రావాలె, అంతే."

సాయంత్రం ఎండలో పరుగెత్తుదామా అంటే ఆ సమయానికి గ్రౌండు నిండా క్రికెట్. రోడ్డు మీద బొగ్గు లారీలు లేపే దుమ్ము, చలికాలంలో పైకి పోకుండా సరిగ్గా మనిషి ముక్కు ఎత్తునే నిలబడుతుంది. ఇల్లే గతి. ఆ ఇల్లు చూడబోతే రెండు గదులు, ఒక వంటిల్లు. పరీక్షకు పంతొమ్మిది రోజులుంది. రాజకుమారి గుమ్మంలో నిలబడి గిలగిల్లాడుతున్నది అందుకే.

ఇక్కడొక చిక్కుంది. చిక్కు పేరు కింది ఇంటి గట్టయ్య.

గట్టయ్య వేరే బాయిలో టింబర్‌మన్, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ముప్పై ఏళ్ల సర్వీసు. అతనికి ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం మూడింటికి దిగే రెండో షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. రాత్రంతా బొగ్గులో పనిచేసి పొద్దున తొమ్మిదింటికి పడుకున్న మనిషి నడుమ ఒకసారి లేచి ఇంత తిని, మళ్లీ సాయంత్రం దాకా నిద్రపోతాడు. ఆ నిద్రను చెడగొట్టడం ఈ కాలనీల్లో చిన్న తప్పు కాదు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, నీళ్ల దగ్గర జుట్లు పట్టుకుంటారు గానీ రాత్రి షిఫ్టు మనిషి తలుపు కొట్టరు. నిద్రలేని మనిషి బాయిలో దిగితే ఏమవుతుందో ఇంటింటికీ తెలుసు. అందుకే ఒక ఏర్పాటుంది. మనిషి పడుకున్నాడంటే ఇల్లాలు అతని డ్యూటీ బూట్లు కడిగి గడప ముందు బోర్లిస్తుంది. అవి చూస్తే కూరగాయల బండివాడు కూడా నోరు మూసుకుని తోసుకుపోతాడు.

రాజకుమారికి ఇదంతా అందరికంటే ఎక్కువే తెలుసు. పదహారేళ్ల కిందట బిక్షం కుడిచేతి మూడు వేళ్లు కన్వేయర్ బెల్టులో పోయాయి. ముందు రోజు పగలంతా ఎవరింట్లోనో మైకు మోగిందట, ఆయనకు నిద్ర లేదట. ఆ రాత్రి డ్యూటీలో ఒక్క రెప్పపాటు కునుకు పట్టిందట. ఎవరింట్లో మైకో ఆయన ఏనాడూ చెప్పలేదు. అప్పుడు రాజకుమారి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

కాబట్టి ఆమె లెక్క చూసుకుంది. పోయిన వారం గట్టయ్య మొదటి షిఫ్టు. పొద్దున బస్సులో ఆమె కళ్లారా చూసింది. వరస ప్రకారం ఈ సోమవారం నుంచి రెండో షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికే ఇల్లు కదులుతాడు, రాత్రి పదకొండు దాటితే గానీ రాడు. ఆమె డ్యూటీ దిగి ఇల్లు చేరేది మూడున్నరకు. నాలుగు నుంచి ఐదు దాకా ఎగిరినా దూకినా కింద వినేవాడు ఉండడు. కిందికి పోయి "కాకా, ఈ వారం ఏ షిఫ్టు?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే ఎందుకని అడుగుతారు, అప్పుడు పరీక్ష సంగతి చెప్పాలి. మన రాజకుమారికి తెలివి ఎక్కువ కదా, అడగలేదు.

సోమవారం డ్యూటీ దిగి మెట్లెక్కుతూ గడప చూసింది. బూట్లు లేవు. అంటే తొడుక్కుని పోయాడన్నమాట.

మొదలుపెట్టింది. తాడాటతో మొదటి రోజే సీలింగ్ ఫ్యాన్ రెక్క వంగింది. రెండో రోజు తాడు బట్టల దండేన్ని పట్టుకుని లాగేస్తే భర్త రఘుపతి యూనిఫారం నేలపాలైంది. రఘుపతి ఎరువుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. మెత్తని మనిషి. యూనిఫారం దులుపుకుంటూ ఫోన్‌లో వీడియోలు వెతికి పెట్టాడు. ఒక అమ్మాయి నవ్వుతూ చేతులూ కాళ్లూ విప్పి మూసి ఎగురుతుంది. ఇంకొకామె గాలిలో ముష్టిఘాతాలు కురిపిస్తుంది. ఒకాయన నేల మీద చేతులాన్చి మోకాళ్లను గుండెల దాకా పరుగెత్తిస్తాడు. రాజకుమారి అన్నీ చేసింది. ఉన్నచోటే పరుగెత్తింది, ఒకటి రెండు కాదు, ఇరవై నిమిషాలు. గాజుల డబ్బా షెల్ఫు మీంచి జరిగి జరిగి కింద పడింది.

"ఇల్లు కూలగొడ్తవా ఏంది బిడ్డా?" అన్నాడు బిక్షం.

"కింద కాక లేడులే నాయినా. రెండో షిఫ్టు."

"పూలమ్మ ఉంటది గద" అన్నాడు బిక్షం, గట్టయ్య భార్యను తలచుకుని.

"చిన్నమ్మ ఆ టైముకు పొయ్యికాడ బయట్నే కూసుంటది."

రోజురోజుకూ దమ్ము పెరుగుతోంది. దగ్గు తగ్గుతోంది. కానీ మనసులో మాత్రం ఏదో తొలుస్తూనే ఉంది. నాలుగు గోడల మధ్య ఎంత ఎగిరినా ఎక్కడికీ పోయినట్టుండదు. గ్రౌండులో అయితే ఎన్ని చుట్లో తెలుస్తుంది. ఇక్కడ చెమట తప్ప కొలత లేదు. ఇది చాలుతుందో లేదో అన్న దిగులుతో డ్యూటీలో లైట్లు అందిస్తూ కూడా బల్ల కింద కాళ్లు ఆడించేది. "అక్కా, నీ బల్ల కదులుతాంది" అని కిటికీ అవతలి వాళ్లు నవ్వేవారు. శనివారం ఆమె మరింత గట్టిగా, మరింత ఎత్తుకు, గంటన్నర ఎగిరింది.

మరునాడు ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కింద జీపు ఆగిన చప్పుడైంది. రాజకుమారి మెట్ల మీదికి వచ్చి తొంగి చూసింది. ఇద్దరు మనుషులు గట్టయ్యను రెక్కలు పట్టి దింపుతున్నారు. గడ్డం కింద తెల్లని పట్టీ. ఎడమ కాలి మడమకు కట్టు. బొగ్గు మసి ఇంకా ముఖం మీదే ఉంది. పూలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏం గాలేదు వదినే. రాత్రి తినేటి యాళ్లకు కూసున్నకాన్నే కునుకు పట్టింది. లేశి రెండు అడుగులేశిండు, పట్టాల కింది స్లీపర్ మీద కాలు జారింది. నాలుగు కుట్లు పడ్డయి" అన్నాడు పట్టుకొచ్చిన వాళ్లలో ఒకతను.

రాత్రి. ఆ మాట దగ్గరే రాజకుమారికి కాళ్లు ఆగిపోయాయి. వారం రోజుల తర్వాత మొదటిసారిగా ఆ కాళ్లు కదలకుండా నిలబడ్డాయి.

మనుషులు వెళ్లిపోయాక మెల్లగా దిగి వచ్చింది. పూలమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"చిన్నమ్మా, కాకది రెండో షిఫ్టు గద?"

"ఏడిది రెండో షిఫ్టు? ఈయనతోని పనిచేసేటి పోశం లేడా, వాళ్ల అవ్వ దవాఖానల ఉన్నది. రాత్రి ఆమె కాడ ఎవలన్న ఉండాలె గద. ఈయన షిఫ్టు ఆయనకిచ్చి, ఆయన రాత్రి షిఫ్టు ఈయన తీస్కుండు. సోమారం కెల్లి రాత్రికే పోతుండు."

"మరి బూట్లేవి చిన్నమ్మా? రోజు సూశిన. గడపల బూట్లు లెవ్వు."

పూలమ్మ లోపలికి చూపించింది. వెనక వాకిట్లో బొగ్గుల పొయ్యి పక్కన, పీట మీద, జంట బూట్లు బోర్లించి ఉన్నాయి. "ఈ మంచుకు బయట పెడితె ఆరుతయా బిడ్డా? పోయిన చలికాలం తడి బూట్లకే ఆయన కాళ్లు పాశినయి. అందుకే పొయ్యి కాడ పెడుతున్న."

రాజకుమారి ఆ బూట్లను చూస్తూ ఉండిపోయింది. ఆరు రోజులు. సరిగ్గా ఆయన తల మీద. తాడు, గంతులు, పరుగు, పడిపోయిన గాజుల డబ్బా. వీటన్నిటి కింద ఒక మనిషి కళ్లు తెరుచుకుని పడుకున్నాడు.

"నేనే ఎగిరిన చిన్నమ్మా. ఒక్కసారి మీదికొచ్చి నా చెంప పగలగొట్టకపోతివి?"

"వస్తననే లేశిన. రొండొద్దులు లేశిన. ఈయననే గుంజి కూసోబెట్టిండు. ఎందుకో ఆయన్నే అడుగు" అంది పూలమ్మ. ఆ గొంతులో కోపం దాగలేదు.

గట్టయ్య మంచం మీద గోడకు ఆని కూర్చుని ఉన్నాడు. రాజకుమారిని చూసి కట్టున్న కాలు కొంచెం పక్కకు జరిపాడు, కూర్చోమని. ఆమె కూర్చోలేదు.

"కాకా, నాకు ఎరుక లేదు. పానం మీద ఒట్టు. నువ్వు డ్యూటీల ఉన్నవనుకున్న. ఒక్క మాట అనకపోతివి? ఒక్కసారి కేకెయ్యకపోతివి?"

గట్టయ్య గడ్డం కింది పట్టీని చేత్తో పట్టుకున్నాడు. పట్టీ కింద కుట్లు లాగుతున్నట్టు మెల్లగా నోరు తెరిచాడు.

"ఏ మొకంతోని అనాలె బిడ్డా? ఆనాడు మైకు మోగింది నా ఇంట్లనే. మా పెద్దపిల్ల ఫంక్షన్. మీ నాయినకు రాత్రి షిఫ్టని నాకెరుకే. బూట్లు గడపల బోర్లిచ్చే ఉన్నయి. ఆ బూట్ల ముంగట్నుంచే నేను మైకు డబ్బలు డాబ మీదికి మోసుకపోయిన. ఒక్కదినమే గద అనుకున్న. తెల్లారి మీ నాయిన చెయ్యి..." ఆగాడు. "మీ నాయిన నన్ను ఒక్క మాట అన్లే. పదారేండ్లాయె, ఇయ్యాల్టికీ అన్లే. మీదికెల్లి చప్పుడు వస్తాంటె, కావాల్నని చేస్తున్రనుకున్న మొదలు. చేస్తె చెయ్యనీ, నాకు తగిందే అనుకున్న."

రాజకుమారికి ఏడుపు ముంచుకొచ్చింది. దుఃఖమో, సిగ్గో, తండ్రి మీద జాలో, ఏదో ఆమెకే తెలియలేదు. అక్కడే నిలబడి అన్నీ చెప్పేసింది. నోటీసు, పరీక్ష, పిల్లికూతలు, ఖాళీ కొక్కెం. చెప్పి, "ఇగ ఆ పరీక్ష వద్దు, ఏం వద్దు" అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

పైన బిక్షం అంతా విన్నాడు. మైకు సంగతి కూతురు ఎత్తితే, "నాకెరుకే. ఎరుక లేకుంటదా?" అని మాత్రం అన్నాడు. చొక్కా తొడుక్కుని, మూడు వేళ్లు లేని చేత్తో రెయిలింగు పట్టుకుని కిందికి దిగాడు. గట్టయ్య మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాజకుమారి మెట్ల మీంచి చెవులు రిక్కించి వింది. వాళ్లు ఆనాటి మాట ఎత్తనే లేదు. ఈసారి చలి బాగున్నదని ఒకరు, మొన్నటేడు ఇంతకంటే బాగుండేనని ఒకరు. కాసేపటికి గట్టయ్య, "పిల్లను పరీక్ష ఇడ్సిపెట్టకుమను" అన్నాడు. "నేను ఇన్నేండ్లు బాయిల దిగిన. ఎన్నడన్న కప్పు కూలితె వచ్చేటోళ్లల్ల మనింటి పిల్ల ఉంటే నాకు ధీమా ఉండదా?"

"ఇడ్సిపెడ్తననుడే గని దానితోని కాదు. దాని కాళ్లు ఊకుంటయా?" అన్నాడు బిక్షం.

పైకి వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు.

"ఇంకా పన్నెండు దినాలున్నయి. ఎగురుడు బంద్ చెయ్యి. బాయిల ఎవడన్న ఎగురుతడా? ఎవడన్న ఉరుకుతడా? వంగి నడుస్తరు, బరువు మోస్తరు, ఎత్తు ఎక్కుతరు, దిగుతరు. ఎక్కుడు దిగుడు చెయ్యి. చప్పుడు లేకుంట చెయ్యి."

"చప్పుడు లేకుంట ఎట్లయితది నాయినా?"

ఎట్లవుతుందో బిక్షమే చూపించాడు. ఇంట్లో బట్టలు పెట్టుకునే చెక్కపెట్టె అడుగు ఎత్తుంటుంది. దాన్ని ఖాళీ చేయించాడు. ఈ ఊళ్లో పాత కన్వేయర్ బెల్టు ముక్క లేని ఇల్లుండదు. కాళ్లు తుడుచుకోవడానికి, బండి కింద పరుచుకోవడానికి, అన్నిటికీ అదే. గడపలోని ముక్క తెచ్చి పెట్టె కింద పరిచాడు, ఇంకోటి పైన కట్టాడు. పెట్టె ముందు పాత బొంత నాలుగు మడతలు వేశాడు. తన వేళ్లు మింగిన జాతి బెల్టును కూతురి కాళ్ల కింద పరుస్తున్నప్పుడు ఆయన ఏమనుకున్నాడో గానీ, ముఖంలో ఏమీ కనిపించలేదు.

రోజూ నాలుగింటికి బిక్షం కిందికి పోయి నిద్రపోతున్న గట్టయ్య తలాపున కుర్చీలో కూర్చునేవాడు. కాలు బాగయ్యేదాకా గట్టయ్యకు సెలవే, అయినా నొప్పికి రాత్రి నిద్ర పట్టక పగలే పడుకునేవాడు. పై నుంచి చప్పుడు వినిపిస్తే బిక్షం ఫోన్‌లో మిస్డ్ కాల్ ఇవ్వాలి. అదీ ఏర్పాటు. మొదటి రోజు పద్నాలుగు మిస్డ్ కాల్స్ వచ్చాయి. రాజకుమారికి ఏడుపొచ్చింది. గంతు వేయడమంటే కాలు దానంతటదే పడుతుంది. చప్పుడు లేకుండా దింపాలంటే తొడ, పిక్క, నడుము అన్నీ పట్టి ఉంచాలి. ముందు వేళ్లు, తర్వాత పాదం పక్క, ఆఖరికి మడమ. ఊపిరి కూడా దాంతోపాటే, ఎక్కుతూ తీసుకోవడం, దిగుతూ వదలడం. పది నిమిషాలకే చెమట ధారలు కట్టేది. తాడాటలో గంటకు రాని ఆయాసం దీంట్లో పావుగంటకు వచ్చేది. వీపుకు బియ్యం సంచి కట్టుకుని ఎక్కింది. పెట్టె విసుగేస్తే బ్లాకు మెట్లన్నీ వట్టి కాళ్లతో నలభై సార్లు ఎక్కి దిగింది.

గట్టయ్య మళ్లీ డ్యూటీలో చేరాడు. సెలవులో తప్పిపోయిన రాత్రి షిఫ్టు వారమే ఇప్పుడు వేశారు. మిస్డ్ కాల్స్ ఆరు, నాలుగు, రెండు అయ్యాయి. పరీక్షకు ముందు రోజు ఫోన్ మోగనే లేదు. అనుమానం వచ్చి కిందికి దిగి చూస్తే గట్టయ్యతోపాటు బిక్షం కూడా కుర్చీలో తల వాల్చి గురక పెడుతున్నాడు. ఆ గురక విని రాజకుమారి నవ్వుకుంది గానీ, ఆ రోజు నిజంగా చప్పుడు రాలేదో, వినేవాడే నిద్రపోయాడో తెలియక మళ్లీ దిగులు పడింది.

శుక్రవారం రెస్క్యూ స్టేషన్ హాల్లో పదకొండు మంది ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు. పిల్లికూతల్లేవు. "నెక్స్ట్" అన్నాడు. హాలు మధ్యలో చెక్కపెట్టెలు వేసి ఉన్నాయి. అడుగు ఎత్తు. వాటిని చూడగానే రాజకుమారికి నవ్వాగలేదు. వీపుకు బరువు సంచి కట్టారు. మిషన్ టక్కుమన్నప్పుడల్లా ఎక్కాలి, దిగాలి, ఐదు నిమిషాలు. తర్వాత నాడి చూస్తారు.

ఒక్కోసారి నలుగురు. అధికారి ఒకాయన బల్ల దగ్గర వంగి రాసుకుంటూ, అడుగుల చప్పుడును బట్టి లెక్క పెడుతున్నాడు. ధన్, ధన్, ధన్. మూడు పెట్టెలు మోగుతున్నాయి. నాలుగో పెట్టె మోగడం లేదు. ఒక నిమిషం అయ్యాక ఆయన తలెత్తాడు.

"నాలుగో నంబర్! ఏం చేస్తున్నవమ్మా? ఎక్కుతున్నవా లేదా?"

"ఎక్కుతున్న సార్."

"పాదం పూర్తిగ ఆనాలె. మునివేళ్ల మీద ఎక్కితె లెక్కలకు రాదు. నాకు చప్పుడు వినిపియ్యాలె. లేకుంటే పేరు కొట్టేస్త."

పాదం పూర్తిగానే ఆనుతోంది. కానీ కాలు పైకి లేవగానే దానంతటదే మెత్తబడుతోంది. చప్పుడు చేద్దామనుకుంటే చేయలేకపోతోంది. కింద గట్టయ్య కాక పడుకున్నాడు, గడ్డం కింద కుట్లు, తలాపున నాయిన. ఇంకో రెండు అడుగులు నిశ్శబ్దంగా పడ్డాయి. అధికారి పెన్ను కాగితం మీదికి వంగింది.

ఇక్కడ కింద ఎవరూ లేరు. ఇక్కడ కింద నేల. రాజకుమారి పళ్లు బిగించి కాలెత్తి తొక్కింది. ధన్. హాలంతా మోగింది. ఇంకో కాలు. ధన్. పంతొమ్మిది రోజుల మంచు, పొగ, నాలుగు గోడలు, ఆ బూట్ల ముందు సిగ్గుతో తలవంచుకుని నిలబడ్డ ఆదివారం, అన్నీ ఆ కాళ్లలోంచి దిగిపోతున్నాయి. పక్క పెట్టెల వాళ్లు తిరిగి చూశారు. అధికారి పెన్ను పక్కన పెట్టేసి చూశాడు. ఐదు నిమిషాలు అయిపోయినా ఆమె ఇంకో నాలుగు అడుగులు తొక్కాక గానీ ఆగలేదు. నాడి చూసిన డాక్టరు గడియారం వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి మళ్లీ పట్టుకుని లెక్కపెట్టాడు. "నాడి చూస్తె ఎక్కి దిగినట్టు లేదు, బండి మీద వచ్చినట్టే ఉన్నదేందమ్మా" అన్నాడు. రెండింటికి గోడ మీద అంటించిన కాగితంలో ఆరు పేర్లున్నాయి. అందులో ఆమెది రెండోది.

ఆటో దిగి పరుగుపరుగున వచ్చింది. చాలా రోజులకు మంచు పూర్తిగా విరిగి మంచి ఎండ కాస్తోంది. "కాకా!" అని అరవబోయి, మెట్ల దగ్గర టక్కున ఆగింది.

గట్టయ్య గడప ముందు, ఎండలో, జంట బూట్లు బోర్లించి ఉన్నాయి. పక్కన పూలమ్మ బియ్యం ఏరుతోంది. నోటి మీద వేలు పెట్టి, ఏమైందని కళ్లతోనే అడిగింది. రాజకుమారి గట్టిగా తలూపింది. పూలమ్మ చాట పక్కన పెట్టి, చప్పుడు కాకుండా రెండు చేతులతో ఆమె చెంపలు నిమిరి మెటికలు విరవబోయి, ఆ చప్పుడుకు కూడా భయపడి ఆగిపోయింది.

పైకి పోయి నాయినకు చెవిలో చెప్పింది. రఘుపతికి ఫోన్‌లో రాసింది. మళ్లీ కిందికి వచ్చి చివరి మెట్టు మీద కూర్చుంది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. కడుపులో మాట నిలవడం లేదు. మోకాళ్లు ఆడుతున్నాయి. వాటిని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఆ బూట్లు మళ్లీ నిలబడేదాకా కదిలేది లేదు.

ఐదున్నరకు తలుపు తెరుచుకుంది. గట్టయ్య కళ్లు నులుముకుంటూ వచ్చి, వంగి, బూట్లు ఎత్తి నిలబెట్టాడు. మెట్టు మీద ఆమెను చూశాడు.

"ఏమాయె బిడ్డా? చప్పుడే లేదు?"

రాజకుమారి లేచి నిలబడింది. రెండు కాళ్లూ కలిపి, ఉన్న బలమంతా పెట్టి, ఆయన గడప ముందు ఒక్క గంతు వేసింది.